తుపాకీ పేలకముందే తేలిపోయే పోరు: పోటీ షూటర్ గేమ్‌లలో కొత్త ఆటగాడు ముందుగా సరిచేసుకోవలసినవి

పోటీ షూటర్ గేమ్‌లలోకి కొత్తగా వచ్చినవారిని ఎందుకు ఓడిపోతున్నారని అడిగితే దాదాపు అందరి సమాధానం ఒకటే: అవతలివాడి చేయి వేగం, నా చేయి నిదానం. మూల తిరిగేలోపే తలకు తూటా తగలడం, కొట్టినవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా తెలియకుండా రౌండ్ అయిపోవడం పదేపదే జరుగుతుంటే ఆ అభిప్రాయం కలగడం సహజమే. దాని వెంటే పరిష్కారాలూ తోస్తాయి. గురి సాధన చేయించే ప్రోగ్రాముల్లో గంటలు గడపడం, ఖరీదైన మౌస్ కొనడం, రోజుకో సెన్సిటివిటీ (మౌస్ కదలికకు చూపు ఎంత తిరగాలన్న సెట్టింగు) మార్చి చూడడం. ఇవన్నీ చేసినా నెలల తరబడి అదే ర్యాంకులో ఉండిపోయేవారు చాలామంది ఉన్నారు. ఎందుకంటే వాళ్లు సరిచేస్తున్నది ఓటమికి ఉన్న కారణాల్లో చిట్టచివరి దాన్ని. అసలు కారణాలు తుపాకీ పేలడానికి ఒకటి రెండు సెకన్ల ముందే ఏర్పడి ఉంటాయి.

ముందుగా చేతి వేగం సంగతి చూద్దాం. తెర మీద ఏదైనా కనిపించగానే బటన్ నొక్కడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సాధనతో ఇది కొంత తగ్గుతుంది గానీ సగానికి దిగదు. అంటే కొత్త ఆటగాడికీ ఆరితేరినవాడికీ మధ్య ఈ విషయంలో ఉండే తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లు మాత్రమే. కానీ ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఒకరు గురి చూసి కాల్చడం పూర్తయ్యేసరికి రెండోవారి క్రాస్‌హెయిర్ (తెర మధ్యలో ఉండే గురి గుర్తు) ఇంకా సగం దారిలోనే ఉంటుంది. అంత వ్యవధి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే దేన్ని సాధన చేయాలో తెలిసినట్టే. ఉదాహరణలు ఎక్కువగా 2020లో వచ్చిన వాలరెంట్ నుంచీ, 2023లో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2 నుంచీ తీసుకుంటున్నాను. ఐదుగురు ఐదుగురితో తలపడే ఈ ఆటల్లో చనిపోయినవారు సాధారణంగా ఆ రౌండ్ ముగిసేదాకా తిరిగి రారు కాబట్టి ప్రతి తప్పుకీ మూల్యం అక్కడికక్కడే కనిపిస్తుంది.

1954లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చేతి కదలికల గురించి ఒక సూత్రం ప్రతిపాదించారు. చేతిని ఒక లక్ష్యం మీదికి చేర్చడానికి పట్టే సమయం ఆ లక్ష్యం ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పు ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుందని దాని సారం. దూరాన్ని రెట్టింపు చేసి, వెడల్పుతో భాగించి, వచ్చిన సంఖ్యకు రెండు ఆధారంగా లాగరిథమ్ తీస్తే ఆ కదలిక ఎంత కష్టమో తెలుస్తుంది. తెర మీద ఒక డిగ్రీ వెడల్పున కనిపించే తల మన క్రాస్‌హెయిర్‌కు 16 డిగ్రీల దూరంలో ఉంటే ఆ కష్టం విలువ 5. అదే తల 2 డిగ్రీల దూరంలో ఉంటే విలువ 2కు పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ చేయి అదే, మౌస్ అదే, మనిషి అదే. మారినదల్లా శత్రువు కనిపించక ముందు క్రాస్‌హెయిర్‌ను ఎక్కడ ఉంచారన్నదే.

కొత్త ఆటగాళ్ల రికార్డింగ్ ఏది చూసినా ఈ లోపం మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. పరుగెత్తేటప్పుడు క్రాస్‌హెయిర్ నేల మీదో, మోకాలి ఎత్తులోనో, ఎదురుగా ఉన్న గోడ మధ్యలోనో ఉంటుంది. శత్రువు కనిపించగానే దాన్ని పైకి లేపాలి, పక్కకు తిప్పాలి, దాటిపోతే వెనక్కి తేవాలి. ఇన్ని పనులు చేసేలోపు అవతలివాడు ఒక్క క్లిక్‌తో ముగిస్తాడు. అవతలివాడి క్రాస్‌హెయిర్ అప్పటికే తల ఎత్తులో, మూల అంచుకు కాస్త ఎడంగా సిద్ధంగా ఉంది. దీన్ని అలవాటు చేసుకోవడానికి మెరుపు వేగమేమీ అక్కర్లేదు. శత్రువులు ఎవరూ లేని మ్యాప్‌లో ఒంటరిగా నడుస్తూ, ప్రతి మూల దగ్గరా అవతల నిలబడే మనిషి తల ఎక్కడుంటుందో ఊహించి క్రాస్‌హెయిర్ అక్కడ పెట్టి, ఆ తర్వాత బాట్‌ను (కంప్యూటర్ నడిపే ఆటగాడిని) నిలబెట్టి సరిచూసుకోవచ్చు. మెట్లు ఎక్కేటప్పుడు ఆ ఎత్తు మారుతుంది, పెట్టె మీద ఎక్కి నిలబడితే మళ్లీ మారుతుంది. తలుపు చట్రం మీది గీత, గోడ మీది పైపు, ఇటుకల వరుస లాంటి గుర్తులు కొన్ని మనసులో నాటుకుంటే చాలు, కళ్లు వాటంతట అవే ఆ ఎత్తును వెతుక్కుంటాయి. కొత్తవారికి ఒక్కటే సలహా ఇవ్వాల్సి వస్తే నేను దీన్నే ఇస్తాను.

ఫిట్స్ సూత్రానికి రెండేళ్ల ముందు, 1952లో, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ మరో విషయం గమనించారు. ఎదురయ్యే అవకాశాల సంఖ్య పెరిగే కొద్దీ నిర్ణయం తీసుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. శత్రువు రాగల చోటు ఒక్కటే అయితే మెదడు దాదాపు సిద్ధంగానే ఉంటుంది. మూడు నాలుగు చోట్లు ఒకేసారి తెరుచుకుని ఉంటే ముందు ఎక్కడా అని వెతకాలి, తర్వాతే చేయి కదలాలి. ఒక సైట్‌లోకి (బాంబు పెట్టే చోటికి) నేరుగా మధ్యలోకి పరుగెత్తినవాడు ఐదు దిక్కులకు తనను తాను అప్పగించుకున్నట్టే. గోడను ఆనుకుని, ఒక్కో మూలను ఒక్కో ముక్కగా తెరుస్తూ వచ్చేవాడు ప్రతిసారీ ఒకే ప్రశ్నకు సమాధానం చెప్పాలి. చూసేవారికి రెండోవాడి చేయి వేగంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అతను తన ముందున్న ప్రశ్నను చిన్నది చేసుకున్నాడు.

మూల సంగతి వచ్చింది కాబట్టి జ్యామితి కూడా చెప్పుకోవాలి. ఒకే మూలకు అటూ ఇటూ ఉన్న ఇద్దరిలో మూలకు దూరంగా నిలబడినవారికే అవతలి మనిషి ముందుగా కనిపిస్తాడు. ఆటలో కన్ను శరీరం మధ్యలో ఉంటుంది, భుజం పక్కకు ఉంటుంది. గోడ అంచుకు అంటుకుని నిలబడ్డవాడి కన్ను బయటకు రాకముందే భుజం బయటపడుతుంది. దూరంగా ఉన్నవాడికీ భుజం ఉంది గానీ, మూల నుంచి కొలిచినప్పుడు అది చేసే కోణం చాలా చిన్నది. కొత్తవారు మాత్రం భద్రంగా ఉంటుందని గోడకు అతుక్కుపోతారు. అలా చేసి, తమకు ఇంకా ఎవరూ కనిపించకముందే తాము కనిపించిపోతారు.

దాక్కుని కాపలా కాసేవారు చేసే తప్పు ఇంకోటి ఉంది. క్రాస్‌హెయిర్‌ను సరిగ్గా గోడ అంచు మీదే పెట్టి ఎదురుచూస్తారు. కౌంటర్-స్ట్రైక్‌లో ఏకే-47 పట్టుకుని పరుగెత్తే ఆటగాడి వేగం సెకనుకు 215 యూనిట్లు. మన ప్రతిస్పందనకు 200 మిల్లీసెకన్లు పడితే ఆలోగా అతను 43 యూనిట్లు జరిగిపోతాడు. ఆ ఆటలో మనిషి వెడల్పుగా లెక్కించేది 32 యూనిట్లు. అంటే అంచు దగ్గర కనిపించగానే మనం క్లిక్ చేసినా, ఆ క్షణానికి అతని శరీరం పూర్తిగా క్రాస్‌హెయిర్‌ను దాటిపోయి ఉంటుంది. అందుకే దూకుడుగా బయటికొచ్చే శత్రువు కోసం అంచు నుంచి ఒక మనిషి వెడల్పు, ఇంకాస్త ఎడంగా గురి పెట్టి ఉంచాలి. మెల్లగా తొంగిచూస్తాడని అనిపిస్తే ఆ ఎడం తగ్గించుకోవాలి. ఇది అనుభవంతో వచ్చే అంచనా. కానీ లెక్క తెలిసినవారికి ఆ అనుభవం త్వరగా వస్తుంది.

దీనికి నెట్‌వర్క్ కూడా తోడవుతుంది. మూల వెనుక నుంచి బయటికొచ్చేవాడికి తన కదలిక తన తెర మీద వెంటనే కనిపిస్తుంది. ఆ సమాచారం సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి కాపలా కాసేవాడి కంప్యూటర్‌కు చేరాలి. ఇద్దరి పింగ్ (సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 40 మిల్లీసెకన్లు అనుకుంటే ఒక్కో వైపు ప్రయాణానికి 20 చొప్పున మొత్తం 40 గడుస్తాయి. సర్వర్ సెకనుకు 128 సార్లు లెక్కించేదైతే ఒక్కో లెక్కకు మధ్య సుమారు 8 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది, కదలికలు కుదుపు లేకుండా చూపించడానికి కంప్యూటర్ మరికొంత ఆలస్యం కలుపుతుంది. అంతసేపూ బయటికొచ్చినవాడు చూస్తున్నాడు, కాపలా కాసేవాడు చూడడం లేదు. ఇక గోడ వెనక్కి వచ్చేశాక కూడా చనిపోయానని చాలామంది మొత్తుకునే సందర్భానికి కారణం వేరు. కాల్చినవాడు కాల్చిన క్షణంలో తన తెర మీద ఏం చూశాడో సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి సరిచూస్తుంది. కౌంటర్-స్ట్రైక్‌ను రూపొందించే వాల్వ్ సంస్థ ఇంజినీరు యాన్ బెర్నియర్ 2001లోనే ఈ పద్ధతిని వివరంగా రాశారు. ఈ ఆలస్యాన్ని ఎవరూ పూర్తిగా తొలగించలేరు. ఆటగాడు చేయగలిగింది ఒకటుంది. ఒకే చోట కదలకుండా కాపలా కాయడం తగ్గించి, ఒకసారి కనిపించాక చోటు మార్చి, ఎదుటివాడు ఊహించని కోణం నుంచి తానే బయటికి రావడం.

ఇప్పుడు కాళ్ల సంగతి. దీన్ని గురి లోపమని పొరబడేవారు లెక్కలేనంత మంది. ఈ తరహా ఆటల్లో పరుగెత్తుతూ రైఫిల్ కాలిస్తే తూటా క్రాస్‌హెయిర్ చూపిన చోటికి వెళ్లదు. కౌంటర్-స్ట్రైక్‌లో వేగం గరిష్ఠంలో సుమారు మూడో వంతుకు తగ్గితేనే తూటా నమ్మదగినట్టుగా వెళ్తుంది. కీ వదిలేయగానే మనిషి ఆగడు, కొంచెం జారుతాడు. అందుకని కుడివైపు వెళ్తున్నప్పుడు కుడికి నడిపే డి కీని వదిలి, ఎడమకు నడిపే ఎ కీని ఒక్క క్షణం తట్టాలి. ఆ ఎదురు తోపుతో వేగం ఠక్కున పడిపోతుంది, తూటా అప్పుడు పేలాలి. వాలరెంట్‌లో మనిషి ఇంకా త్వరగా ఆగుతాడు గానీ నియమం అదే. కంగారు పడిన కొత్త ఆటగాడు ఏం చేస్తాడో రికార్డింగ్‌ను నెమ్మదిగా తిప్పి చూడండి. శత్రువు కనిపిస్తాడు, క్రాస్‌హెయిర్ సరిగ్గా అతని ఛాతీ మీదే ఉంటుంది, కానీ వేలు ఇంకా డి కీ మీదే ఉంటుంది. తూటాలు చుట్టూ గోడకు తగులుతాయి. అప్పుడు కంగారు ఎక్కువై కంట్రోల్ కీ నొక్కి కూర్చుంటాడు. నిలబడిన తల కోసం ఎదుటివాడు పేల్చిన తూటాల ధార మెల్లగా కిందికి దిగుతుండగా, తన తలను తెచ్చి సరిగ్గా దాని దారిలోనే పెడతాడు. మ్యాచ్ తర్వాత మాత్రం గురి కుదరలేదని చెబుతాడు. అతని గురికి ఆ రోజు ఏ లోపమూ లేదు.

కదలడం, ఆగడం, ఒక్క తూటా, మళ్లీ కదలడం. ఈ లయ చేతికి ఎక్కాలంటే బాట్‌ల మీద తొందర లేకుండా చేయాలి. ఒక్కో బాట్‌కు ఒక్కటే తూటా అని కట్టుబాటు పెట్టుకుంటే ఆగకుండా కాల్చే అలవాటు త్వరగా పోతుంది.

రికాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగిరిపడడం) విషయంలో రెండు ఆటలకూ తేడా ఉంది. కౌంటర్-స్ట్రైక్‌లో ఏకే-47లోని 30 తూటాలూ దాదాపు స్థిరమైన దారిలో వెళ్తాయి, ముందు పైకి, తర్వాత పక్కలకు. మొదటి పది తూటాల దారిని గోడ మీద కాల్చి నేర్చుకుంటే చాలావరకు సరిపోతుంది. వాలరెంట్‌లో కొన్ని తూటాల తర్వాత పక్కలకు ఊగడం ముందుగా చెప్పలేనట్టుగా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు మూడు తూటాలు కాల్చి ఆగడమే తెలివైన పని. ఆ ఆటలో ప్రాణం 100, పూర్తి కవచం 50, మొత్తం 150. వాండల్ రైఫిల్ తలకు తగిలితే ఎంత దూరం నుంచైనా 160 నష్టం చేస్తుంది, అంటే ఒక్క తూటాతో పని అయిపోతుంది. అలాంటి చోట మొదటి తూటా మీద పెట్టిన శ్రద్ధ ముప్పయ్యో తూటా మీద పెట్టినదానికంటే ఎన్నో రెట్లు ఫలిస్తుంది. అపెక్స్ లెజెండ్స్, ఓవర్‌వాచ్ లాంటి ఆటల్లో శత్రువును పడగొట్టడానికి ఎక్కువసేపు పడుతుంది, కదులుతున్న మనిషి మీద క్రాస్‌హెయిర్‌ను అంటిపెట్టుకుని తిప్పడం అక్కడి ప్రధాన నైపుణ్యం. ఒక ఆటకు చెప్పిన సాధనను ఇంకో ఆటకు యథాతథంగా వాడుకోవడం వల్ల చాలామంది శ్రమ వృథా అవుతోంది.

సెట్టింగుల మీద ఒక్క రోజు ఖర్చు చేసి తర్వాత మరచిపోవడం మంచిది. మౌస్ డీపీఐని (ఒక అంగుళం జరిపితే మౌస్ లెక్కించే చుక్కల సంఖ్యను) ఆటలోని సెన్సిటివిటీతో గుణిస్తే వచ్చే సంఖ్యే ఆ ఆటలో అసలు వేగం. వాలరెంట్‌లో 800 డీపీఐకి 0.4 పెడితే ఆ లబ్ధం 320, పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్‌ను సుమారు 41 సెంటీమీటర్లు జరపాలి. కౌంటర్-స్ట్రైక్‌లో 800 డీపీఐకి 1 పెడితే సుమారు 52 సెంటీమీటర్లు. కొత్తవారు చాలామంది దీనికి రెండు మూడు రెట్ల వేగంతో మొదలుపెడతారు, అందుకే చిన్న సవరణలు కుదరవు. ఈ పరిధిలో ఏదో ఒకటి ఎంచుకుని, చేతి వేగాన్ని బట్టి పాయింటర్ దూరాన్ని మార్చే విండోస్‌లోని ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్‌ను ఆపివేసి, నెలల తరబడి ముట్టకుండా ఉండాలి. చేయి ఒక దూరాన్ని గుర్తుపెట్టుకునేలోపే దాన్ని మార్చేస్తే గుర్తుకు విలువే ఉండదు. మానిటర్ విషయానికొస్తే 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒక చిత్రం చూపిస్తుంది, 144 హెర్ట్జ్ తెర 6.9కి ఒకటి. ఈ తేడా నిజమైనదే, కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. కానీ క్రాస్‌హెయిర్‌ను నేల మీద పెట్టుకుని తిరిగేవారిని ఆ పది మిల్లీసెకన్లు గట్టెక్కించలేవు. ఫోన్‌లో ఆడేవారికి మౌస్ లెక్కలు వర్తించవు గానీ తల ఎత్తు, మూల, ఒక్కో కోణాన్ని తెరవడం వంటివన్నీ అక్కడా అంతే.

ఇక జట్టు. కొత్త ఆటగాడు తన చావును తన సొంత విషయంగా చూస్తాడు, అనుభవజ్ఞుడు దానికి బదులు దొరికిందా అని చూస్తాడు. ముందు వెళ్లినవాడు పడిపోయిన వెంటనే వెనకున్నవాడు ఆ శత్రువును కొడితే లెక్క సమం అవుతుంది, పైగా ఆ చోటు ఖాళీ అవుతుంది. దీన్నే ట్రేడ్ అంటారు. అందుకు ఇద్దరి మధ్య దూరం సరిగ్గా ఉండాలి. మరీ అంటుకుని ఉంటే ఇద్దరూ ఒకే ధారకు పడిపోతారు, నాలుగైదు సెకన్లు వెనకబడితే శత్రువు తప్పుకుంటాడు. గురి ఏమాత్రం మెరుగుపడకుండానే, సరైన దూరంలో నడవడం ఒక్కటి నేర్చుకుని జట్టుకు పనికొచ్చే ఆటగాడు కావచ్చు. ఇంతటి విషయాన్ని కొత్తవారికి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

డబ్బు లెక్క కూడా అలాంటిదే. వాలరెంట్‌లో మ్యాచ్‌లోని ఒక్కో సగం మొదలైనప్పుడు ఒక్కొక్కరికీ 800 క్రెడిట్లు (ఆటలోని డబ్బు) ఉంటాయి. వాండల్‌కు 2900, పూర్తి కవచానికి 1000, మొత్తం 3900 కావాలి. మొదటి రౌండ్ ఓడితే వచ్చేది 1900. ఆ సొమ్మును రెండో రౌండ్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఖర్చు చేస్తే రెండో రౌండ్ గెలవడం కష్టం, మూడోదాంట్లో కొనడానికి సరిపడా ఉండదు. దాచుకుంటే రెండో ఓటమికి వచ్చే 2400తో కలిపి 4300 అవుతుంది, ఐదుగురూ ఒకేసారి పూర్తి ఆయుధాలతో దిగవచ్చు. కాబట్టి కొనేముందు సహచరుల దగ్గర ఎంతుందో చూడడం ఒక క్షణం పని.

ప్రగతిని దేనితో కొలవాలన్నది అన్నింటికన్నా చిక్కు ప్రశ్న. ర్యాంకు వ్యవస్థల మూలం చదరంగం కోసం అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతిలో ఉంది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దాన్ని 1970లో స్వీకరించింది. ఆ లెక్కలో 200 పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు నూటికి సుమారు 76 వంతులు రాబట్టగలడని అంచనా. ఆన్‌లైన్ ఆటలు ఇలాంటి అంచనాలతోనే సమ ఉజ్జీలను ఎదురుపెడతాయి. అందువల్ల మీరు మెరుగుపడితే ప్రత్యర్థులూ మెరుగైనవారే వస్తారు, గెలుపు శాతం సగం దగ్గరికే తిరిగి చేరుతుంది. పైగా సగం సగం గెలిచే ఆటగాడు కూడా పది మ్యాచ్‌లలో మూడో అంతకంటే తక్కువో గెలిచే సంభావ్యత నూటికి 17. అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి, ఆటలో ఏ లోపమూ రాకపోయినా, ఆ వారం అలా గడుస్తుంది. ఒక వారం ఫలితాలు చూసి సెట్టింగులు మార్చేవారు, పాత్రలు మార్చేవారు, చివరికి ఆటే మానేసేవారు ఈ చిన్న లెక్క ముందుగా తెలిసి ఉంటే ఆగేవారు.

ర్యాంకు కన్నా నమ్మదగిన కొలమానం సొంత రికార్డింగే. ఒక మ్యాచ్ తీసుకుని, ప్రతి చావుకూ ముందు పది సెకన్లు మాత్రమే చూడండి. శత్రువు అక్కడ ఉండవచ్చని అడుగుల చప్పుడో, మ్యాపో, సహచరుడి మాటో ముందే చెప్పిందా? అతను కనిపించిన క్షణంలో క్రాస్‌హెయిర్ ఎక్కడుంది? కాళ్లు ఆగాయా? ఎన్ని కోణాలు ఒకేసారి తెరిచి ఉన్నాయి? బదులు తీర్చుకోగల దూరంలో సహచరుడు ఉన్నాడా? వీటన్నింటికీ సరైన జవాబు దొరికిన తర్వాత కూడా చనిపోయి ఉంటే, అప్పుడు మాత్రమే దాన్ని గురి ఖాతాలో వేయండి. కొత్తవారి చావుల్లో ఆ చివరి ఖాతాకు చేరేవి కొన్నే. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసార్లు తప్పుతున్నారో అదే ఆ వారం సాధన, మిగతావాటి జోలికి పోకూడదు.

సాధన చేసే తీరు గురించి ఒక హెచ్చరిక అవసరం. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో ఒకే పనిని వరుసగా చేసినవారు సాధన సమయంలో ముందున్నారు. పనులను కలగలిపి చేసినవారు తర్వాతి పరీక్షలో ఎక్కువ నిలుపుకున్నారు. గురి సాధన ప్రోగ్రాములో ఒకే దృశ్యాన్ని పదేపదే ఆడితే స్కోరు చకచకా పెరుగుతుంది, అది మ్యాచ్‌లోకి అంతగా రాదు. దూరాలు, కోణాలు, లక్ష్యాల వేగం మారుతూ ఉంటే స్కోరు నిరాశపరుస్తుంది గానీ నేర్చుకున్నది నిలుస్తుంది. రోజూ ఇరవై నిమిషాలు ఇలా చేసి, తర్వాత ఆట ఆడి, సరిపడా నిద్రపోవడం, వారాంతంలో ఒక్కసారిగా ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే మేలు. కదలికల జ్ఞాపకం స్థిరపడడానికి నిద్ర కూడా తోడ్పడుతుంది.

పాత అలవాటు మార్చేటప్పుడు ఆట కొన్నాళ్లు దిగజారుతుంది, దీనికి సిద్ధపడాలి. ఆగి కాల్చడం కొత్తగా మొదలుపెట్టినవాడు మొదట్లో ఆగడం గుర్తుపెట్టుకునేసరికే చనిపోతాడు, పరుగెత్తుతూ కాల్చినప్పుడే ఇంతకంటే ఎక్కువ మందిని కొట్టానని అతనికి అనిపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే పాత పద్ధతికి మళ్లిపోతారు. ఆ దశలో ర్యాంకు మ్యాచ్‌లను పక్కనపెట్టి, చనిపోయిన వెంటనే తిరిగి వచ్చే డెత్‌మ్యాచ్ ఆడడం, అందులో కూడా స్కోరు పట్టికను చూడకుండా, ప్రతి చావు తర్వాత కాళ్లు ఆగాయా లేదా అన్న ఒక్కదాన్నే గమనించుకోవడం సరైన దారి. ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం లేకుండానే చేయి ఎదురు కీ మీదికి వెళ్తున్న రోజున తిరిగి ర్యాంకు మ్యాచ్‌లలోకి రావచ్చు, అప్పుడు జాబితాలోని తర్వాతి ప్రశ్నను తీసుకోవచ్చు.